లాప్‌టాప్‌ను బయటి డిస్క్ నుంచి నడపాలంటే: పెన్‌డ్రైవా, హార్డ్‌డిస్కా, ఎస్‌ఎస్‌డీనా?

రాత్రి పదకొండున్నరకు అక్క కూతురు ఫోన్ చేసింది. "మామయ్యా, లాప్‌టాప్ ఆన్ అవుతోంది గానీ విండోస్ రావట్లేదు. నల్ల తెర మీద 'నో బూటబుల్ డివైస్' అని పడి ఆగిపోతోంది. ఎల్లుండే ప్రాజెక్ట్ రివ్యూ. రిపోర్ట్ మొత్తం అందులోనే ఉంది." ఫోన్ లాప్‌టాప్ పక్కన పెట్టి వినిపించమన్నాను. లోపలి హార్డ్‌డిస్క్ టిక్కు టిక్కుమని, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ టిక్కు టిక్కుమంటోంది. "ఇంక ఆన్ చెయ్యకమ్మా, అలాగే పక్కన పెట్టెయ్" అన్నాను. తెల్లారి విజయవాడ నుంచి మొదటి బస్సుకు గుంటూరు వెళ్ళాను. చొక్కా జేబులో లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన 16 జీబీ పెన్‌డ్రైవ్, సంచిలో ఒక 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌ల మీద రాసుకునే డిస్క్), దాన్ని యూఎస్‌బీకి కలిపే కేసింగ్.

ఆ రోజు రెండూ పనికొచ్చాయి. అయితే ఒకటి చేసిన పని రెండోదానితో చేయించాల్సింది కాదు. అందుకే "బయటి డిస్క్ నుంచి బూట్ చెయ్యాలి, అంటే సిస్టమ్‌ను లేపాలి, ఏది కొనమంటారు?" అని ఎవరు అడిగినా నేను ముందు ఒక్కటే అడుగుతాను: ఆ డిస్క్ నుంచి చదివే పనా, దాని మీద రాసే పనా? సిస్టమ్‌ను లేపి, కావలసిన ఫైళ్ళు బయటికి తీసి ఆపేస్తే అది చదివే పని. రోజూ బ్రౌజర్ తెరిచి, అప్‌డేట్లు వేసుకుని, ఫైళ్ళు దాచుకుంటూ ఉంటే అది రాసే పని. చదవడానికి పెన్‌డ్రైవ్ చాలు. రాయడానికి ఎస్‌ఎస్‌డీ కావాలి. ఈ తేడా తెలియక పెన్‌డ్రైవ్ మీద రోజువారీ సిస్టమ్ పెట్టుకుని, నాలుగు రోజులు విసిగి, "లినక్స్ స్లో" అని వదిలేసినవాళ్ళను చాలామందిని చూశాను. స్లో అయింది లినక్స్ కాదు, దాని కింద ఉన్న పెన్‌డ్రైవ్.

పెన్‌డ్రైవ్ ఎక్కడిదాకా

పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైవ్ సిస్టమ్‌లో మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే పెద్ద ఫైల్‌గా కుదించి ఉంటుంది. లాప్‌టాప్ దాన్ని చదువుకుంటుంది, మీరు చేసే మార్పులన్నీ ర్యామ్‌లో ఉంచుకుంటుంది, ఆపగానే అన్నీ పోతాయి. పెన్‌డ్రైవ్ మీద రాసేది ఏమీ లేదు. అందుకే మామూలు పెన్‌డ్రైవ్ కూడా ఈ పనిలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. లినక్స్ మింట్ ఐఎస్ఓ ఫైల్ (డౌన్‌లోడ్ చేసుకునే సిస్టమ్ ప్రతి) దాదాపు 3 జీబీ, ఇంకో లినక్స్ అయిన ఉబుంటు 24.04ది దాదాపు 6 జీబీ. 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో పని జరుగుతుంది, 16 జీబీది ఉంటే ఇరుకు లేదు.

గుంటూరులో జరిగింది ఇదే. పెన్‌డ్రైవ్ పెట్టి, లాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కుతూ ఉంటే బూట్ మెనూ వచ్చింది. రెండు నిమిషాల్లో మింట్ డెస్క్‌టాప్ తెర మీద ఉంది. ఫైల్ మేనేజర్‌లో ఎడమ పక్కన లోపలి హార్డ్‌డిస్క్ మొదట కనబడలేదు. ఆపి, పది నిమిషాలు చల్లారనిచ్చి మళ్ళీ లేపితే కనబడింది. ఫోటోలు, పాటలు ఏవీ ముట్టుకోకుండా ముందు ప్రాజెక్ట్ ఫోల్డర్ ఒక్కటే తీశాను. 43 శాతం దగ్గర కాపీ ఆగింది. అక్క కూతురు ఊపిరి బిగబట్టి ఆ గీతనే చూస్తోంది. ఒక నిమిషం పైగా కదలలేదు, తర్వాత మళ్ళీ నడిచింది. రిపోర్ట్, కోడ్, స్లైడ్లు వచ్చేశాయి. ఫోటోల ఫోల్డర్ సగంలో ఉండగా డిస్క్ మళ్ళీ టిక్కుమంటూ మాయమైంది.

ఇలాంటి డిస్క్ మీ దగ్గరా ఉంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద విండోస్‌లోని డిస్క్ చెక్ నడపొద్దు. అది రిపేర్ పేరుతో డిస్క్‌ను ఇంకా తిప్పుతుంది, దాని మీద రాస్తుంది కూడా. ముందు అతి ముఖ్యమైన ఫోల్డర్ తీయండి, ఆ తర్వాతే మిగతావి. మొత్తం డిస్క్ కావాలంటే డీడీరెస్క్యూ అనే ఉచిత పనిముట్టు ఉంది. చదవగలిగిన భాగాలను ముందు కాపీ చేసుకుని, మొరాయించే చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఇవేవీ సొంతంగా చేసే ధైర్యం లేకపోతే డిస్క్‌ను ఆపేసి ఉంచడమే దానికి చేసే పెద్ద మేలు.

లైవ్ పెన్‌డ్రైవ్ తయారు చేయడానికి విండోస్‌లో రూఫస్ నాకు బాగా అలవాటు. చిన్న ప్రోగ్రామ్, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. బలేనా ఎచర్ ఇంకా తేలిక. అందులో మార్చుకోవలసినవేమీ ఉండవు గనుక తప్పు చేసే అవకాశం తక్కువ. నాలాగా నలుగురి లాప్‌టాప్‌లు చూసేవాళ్ళకు వెంటాయ్ మేలు. ఒకసారి పెన్‌డ్రైవ్‌ను దానితో సిద్ధం చేస్తే, ఆపైన ఐఎస్ఓ ఫైళ్ళను మామూలుగా కాపీ చేసుకోవడమే. బూట్ చేసినప్పుడు జాబితా చూపించి ఏది కావాలో అడుగుతుంది. సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సిస్టమ్‌లనే లేవనిచ్చే కాపలా) ఆన్‌లో ఉన్న లాప్‌టాప్‌లలో మాత్రం వెంటాయ్ మొదటిసారి నీలం తెర చూపించి దాని కీని నమోదు చేయమంటుంది. కొత్తవాళ్ళు అక్కడ బెదిరిపోతారు. అలాంటివాళ్ళకు మింట్ లేదా ఉబుంటు ఒక్కదాన్నే రూఫస్‌తో ఎక్కించి ఇవ్వడం నయం. ఆ రెండూ సెక్యూర్ బూట్ ఉన్నా తిన్నగా లేస్తాయి.

ఇక చాలామంది అడిగేది పర్సిస్టెన్స్ గురించి. అంటే లైవ్ పెన్‌డ్రైవ్‌లోనే కొంత చోటు కేటాయించి, చేసిన మార్పులు అందులో దాచుకోవడం. రూఫస్‌లో ఒక గీతను జరిపితే అయిపోతుంది. వినడానికి బాగుంటుంది. రోజువారీ వాడకానికి మాత్రం నేను వద్దంటాను. అసలు సిస్టమ్ కుదించిన ఫైల్‌లో అలాగే ఉంటుంది, మార్చిన ప్రతి ఫైల్‌కూ కొత్త ప్రతి పక్కన పేరుకుంటుంది. నాలుగుసార్లు అప్‌డేట్ వేస్తే ఉన్న చోటు కాస్తా నిండిపోతుంది. కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ వేసినా బూట్ అయ్యేది పాత కెర్నలే. పైగా ఇప్పుడు పెన్‌డ్రైవ్ మీద రాత పని మొదలైంది. ఫ్లాష్ మెమరీలో ఒక అక్షరం మార్చాలన్నా ఒక పెద్ద పలక మొత్తం తుడిచి మళ్ళీ రాయాలి. మంచి ఎస్‌ఎస్‌డీ ఆ పనిని తన కంట్రోలర్‌తో తెలివిగా సర్దుకుంటుంది. మామూలు పెన్‌డ్రైవ్‌కు ఆ శక్తి లేదు. బ్రౌజర్ ఒక పేజీ తెరిస్తే వెనకాల వందల చిన్న చిన్న ఫైళ్ళు రాసుకుంటుంది. అప్పుడు మౌస్ కదులుతూనే ఉంటుంది గానీ క్లిక్ చేసింది తెరుచుకోదు. చేతితో పట్టుకుంటే పెన్‌డ్రైవ్ చురుక్కుమంటుంది.

వైఫై పాస్‌వర్డ్, నాలుగు సెట్టింగులు, ఒక తెలుగు కీబోర్డ్ గుర్తుండాలి అనుకుంటే మాత్రం పర్సిస్టెన్స్ సరిపోతుంది. తెలుగు టైప్ చేసేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. లైవ్ సిస్టమ్‌లో తెలుగు అక్షరాలు చక్కగానే కనిపిస్తాయి. కానీ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌నో, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతినో ప్రతిసారీ కొత్తగా చేర్చుకోవాలి.

కొనేటప్పుడు ఒక హెచ్చరిక. చాలా తక్కువ ధరకు 1 టీబీ, 2 టీబీ అని అమ్మే పెన్‌డ్రైవ్‌లలో నకిలీవి ఉన్నాయి. కంప్యూటర్‌కు అబద్ధపు సైజు చెబుతాయి, లోపల ఉన్నది 32 జీబీయో 64 జీబీయో. నిండేదాకా బాగానే ఉన్నట్టుంటుంది, ఆ తర్వాత వేసిన ఫైళ్ళు తెరుచుకోవు. కొత్తది కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చూసుకుంటే నిజం బయటపడుతుంది.

బయటి హార్డ్‌డిస్క్

ఇంట్లో పాత పోర్టబుల్ హార్డ్‌డిస్క్ ఉంటే దాని మీద సిస్టమ్ వేయొచ్చా? వేయొచ్చు, లేస్తుంది. పెన్‌డ్రైవ్ కన్నా ఎక్కువ కాలం రాతను తట్టుకుంటుంది. కానీ నిమిషానికి 5400 చుట్లు తిరిగే ఆ పళ్ళెం మీద సూది ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళడానికే సమయమంతా పోతుంది. పెద్ద సినిమా ఫైల్ కాపీ చేస్తే సెకనుకు 100 ఎంబీ పైన చూపిస్తుంది గానీ, ఆపరేటింగ్ సిస్టమ్ అడిగేది అలాంటి ఒక్క పెద్ద ఫైల్ కాదు, చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కలు. ఇంకో ప్రమాదం, నడుస్తుండగా లాప్‌టాప్ కదిపితే డిస్క్ దెబ్బతింటుంది. బయట వేలాడే డిస్క్‌కు అది రోజూ జరిగేదే. బ్యాకప్‌కు దాన్ని మించినది లేదు, అక్కడే వాడుకోండి.

ఎస్‌ఎస్‌డీ: రోజూ వాడాలంటే ఇదే

లాప్‌టాప్‌లో కంటే కేసింగ్‌లో పెడితే వేగం తగ్గిపోతుందేమో అని చాలామంది అనుమానం. తగ్గేది పోర్ట్‌ను బట్టి. యూఎస్‌బీ 2.0 పోర్ట్‌లో పెడితే సెకనుకు 35, 40 ఎంబీ కన్నా దాటదు. ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ అయినా అక్కడ కట్టేసినట్టే. యూఎస్‌బీ 3.0 పోర్ట్‌లో, అంటే 5 గిగాబిట్ల పోర్ట్‌లో, 400 ఎంబీ దాకా వస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీ (పాత లాప్‌టాప్‌లలో పట్టే మామూలు రకం) లోపల పెట్టినా గరిష్ఠంగా 550 ఎంబీయే కదా. చిన్న ఫైళ్ళ పనిలో ఈ తేడా మనిషికి తెలియదు. చాలా లాప్‌టాప్‌లలో 3.0 పోర్ట్ లోపల నీలం రంగులో ఉంటుంది, లేకపోతే పక్కన ఎస్ఎస్ అన్న గుర్తు ఉంటుంది. బూట్ డిస్క్ ఎప్పుడూ అందులోనే పెట్టండి, మౌస్‌కు రెండో పోర్ట్ ఇవ్వండి.

పాత లాప్‌టాప్ కోసమైతే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (సాటా కన్నా వేగమైన కొత్త రకం), 10 గిగాబిట్ల కేసింగ్ కొనడం డబ్బు దండగ. 5 గిగాబిట్ల పోర్ట్‌లో అది కూడా 5 గిగాబిట్లకే పరిమితం. వేడి కూడా ఎక్కువ. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, కొన్ని వందల రూపాయల కేసింగ్ చాలు. పాత లాప్‌టాప్ పాడైపోయి అందులో ఎస్‌ఎస్‌డీ బాగుంటే, దాన్ని తీసి కేసింగ్‌లో పెట్టుకున్నా పని జరుగుతుంది. కొత్త లాప్‌టాప్ ఉండి, దానికి వేగమైన టైప్ సీ పోర్ట్ ఉంటేనే ఎన్‌వీఎంఈ వైపు చూడండి. అప్పుడైనా అల్యూమినియం ఒళ్ళున్న కేసింగ్ తీసుకోండి, ప్లాస్టిక్‌ది వేడిని బయటికి పోనివ్వదు.

కేసింగ్ కొనేటప్పుడు యూఏఎస్‌పీ ఉందా అని చూడండి. అది ఉంటే ఒకేసారి చాలా పనులు వరుసలో పెట్టి డిస్క్‌కు అందిస్తుంది, సిస్టమ్ చురుగ్గా ఉంటుంది. ట్రిమ్ (ఏ చోట్లు ఖాళీ అయ్యాయో ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఆదేశం) కూడా దాటించే కేసింగ్ అయితే ఎస్‌ఎస్‌డీ ఆయుష్షుకు మంచిది. అంతకన్నా ముఖ్యం కేబుల్. పొడవాటి, వదులు కేబుల్ ఉంటే మంచం మీద లాప్‌టాప్ జరిపిన ప్రతిసారీ గండమే. సిస్టమ్ నడుస్తున్న డిస్క్ ఒక్క సెకను ఊడినా తెర అలాగే బిగుసుకుపోతుంది, రాస్తున్న ఫైల్ పోతుంది. అక్క కూతురి లాప్‌టాప్‌కు జానెడు కేబుల్ పెట్టి, ఎస్‌ఎస్‌డీని మూత వెనకాల వెల్క్రో పట్టీతో అంటించాను. కొన్ని లాప్‌టాప్‌లు స్లీప్‌లోకి వెళ్ళి లేచేటప్పుడు యూఎస్‌బీ డిస్క్‌ను ఒకసారి వదిలేసి మళ్ళీ పట్టుకుంటాయి. బయటి సిస్టమ్‌కు అది ప్రాణాంతకం. మూత మూస్తే స్లీప్ కాకుండా, తెర మాత్రమే ఆగేలా సెట్టింగ్ మార్చుకోవాలి.

ర్యామ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో బ్రౌజర్ నాలుగు ట్యాబులు తెరిస్తే ర్యామ్ చాలక డిస్క్ మీదికి రాయడం మొదలవుతుంది. అంటే మళ్ళీ రాత పనే. పెన్‌డ్రైవ్ అయితే అక్కడ కూలబడుతుంది, ఎస్‌ఎస్‌డీ నెట్టుకొస్తుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే, ర్యామ్ పెంచే వీలున్న లాప్‌టాప్‌లో 4 నుంచి 8 జీబీ చేయడం కూడా ఆలోచించండి.

ఇంకో మాట మనసులో ఉంచుకోకుండా చెప్పేస్తాను. లోపలి హార్డ్‌డిస్క్ పోయి, వెనక మూత విప్పితే మార్చుకునే వీలున్న లాప్‌టాప్ అయితే, అదే ఎస్‌ఎస్‌డీని లోపలే బిగించడం అన్నిటికన్నా మేలు. బయటి డిస్క్ ఎవరికి కావాలంటే, స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉన్న చిన్న లాప్‌టాప్‌లు వాడేవాళ్ళకు, వారంటీలో ఉండి మూత విప్పలేనివాళ్ళకు, ఆఫీసు విండోస్‌ను ముట్టుకోకుండా సొంత సిస్టమ్ కావాలనుకునేవాళ్ళకు. ఆఫీసు లాప్‌టాప్ విషయంలో ముందు ఐటీవాళ్ళను అడగండి. విండోస్ 10 వాడుతూ ఇరుక్కుపోయినవాళ్ళు కూడా ఈ లెక్కలోకే వస్తారు. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్‌ను 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. టీపీఎం 2.0 (భద్రతా చిప్) లేని పాత లాప్‌టాప్‌కు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. లోపలి విండోస్ అలాగే ఉంచి, బ్యాంకు పనులు, మెయిల్ బయటి ఎస్‌ఎస్‌డీలోని లినక్స్‌లో చేసుకోవడం నాకు తెలిసి మంచి మధ్యేమార్గం. మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

బయటి డిస్క్‌లో విండోస్

"లినక్స్ వద్దు, విండోసే బయటి డిస్క్‌లో కావాలి" అనేవాళ్ళూ ఉన్నారు. మామూలు విండోస్ ఇన్‌స్టాలర్ యూఎస్‌బీ డిస్క్‌ను చూడగానే ఇక్కడ కుదరదు అంటుంది. విండోస్ 8 ఎంటర్‌ప్రైజ్‌తో 2012లో విండోస్ టు గో అని అధికారికంగా ఒక వసతి వచ్చింది. దాన్ని 2020లో విండోస్ 10 వెర్షన్ 2004 నుంచి తీసేశారు. ఇప్పటికీ రూఫస్‌లో ఆ పేరుతో ఒక ఎంపిక ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ మైక్రోసాఫ్ట్ మద్దతు లేని దారి అది. లైసెన్స్ చిక్కులున్నాయి, పెద్ద అప్‌డేట్లు వచ్చినప్పుడు ఇబ్బంది పెట్టొచ్చు. లాప్‌టాప్ మార్చిన ప్రతిసారీ డ్రైవర్ల (లాప్‌టాప్ భాగాలను నడిపే చిన్న ప్రోగ్రాముల) కోసం వెతుక్కుంటూ కూర్చుంటుంది. ట్యాలీ లాంటి విండోస్ ప్రోగ్రామ్ ఒకటి తప్పనిసరి అయితేనే ఈ దారి పట్టండి. అదీ ఎస్‌ఎస్‌డీ మీదే. పెన్‌డ్రైవ్ మీద విండోస్ అంటే గంట సేపు లేస్తూనే ఉంటుంది.

లినక్స్‌కు ఇక్కడ ఒక సుగుణం ఉంది. డ్రైవర్లు చాలా వరకు కెర్నల్‌లోనే ఉంటాయి గనుక ఇంటెల్, ఏఎండీ లాప్‌టాప్‌ల మధ్య ఒకే ఎస్‌ఎస్‌డీని మార్చి మార్చి పెట్టినా లేస్తుంది. ఎన్విడియా సొంత డ్రైవర్ వేసుకున్న సిస్టమ్‌ను ఇంకో లాప్‌టాప్‌లో పెడితే మాత్రం తెర సమస్య రావచ్చు. నాలుగు చోట్ల తిప్పే డిస్క్‌లో ఆ డ్రైవర్ వేయకండి.

బూట్‌లోడర్ ఎక్కడికి పోయింది?

ఇది నా చేతుల మీదుగా జరిగింది. ఒకసారి బావ లాప్‌టాప్ వాడుకుని నా ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ ఇన్‌స్టాల్ చేశాను. ఇన్‌స్టాలర్‌లో డిస్క్ సరిగ్గానే ఎంచుకున్నాను, అంతా అయిపోయింది, ఎస్‌ఎస్‌డీ ఊడదీసుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు పొద్దున్నే బావ ఫోన్. "బామ్మర్దీ, విండోస్ రావట్లేదు. నల్ల తెర మీద గ్రబ్ అని పడి, పక్కన గీత మెరుస్తోంది." ఆయనకు పది గంటలకు మీటింగ్. ఇన్‌స్టాలర్ సిస్టమ్‌నంతా నా ఎస్‌ఎస్‌డీ మీదే వేసి, దాన్ని లేపే బూట్‌లోడర్‌ను, అంటే ఆ గ్రబ్‌ను, మాత్రం బావ లాప్‌టాప్ లోపలి డిస్క్‌లోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (లాప్‌టాప్ ఆన్ కాగానే బూట్‌లోడర్ కోసం వెతికే చిన్న భాగంలో) పెట్టింది. ఎస్‌ఎస్‌డీ లేకపోయేసరికి దానికి వెళ్ళే దారి లేక అక్కడే నిలబడిపోయింది. ఫోన్‌లోనే ఎఫ్12 నొక్కించి, జాబితాలో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకోమంటే లేచింది. మీటింగ్ తప్పలేదు గానీ, ఇంకొకరి లాప్‌టాప్ మీద ముందూవెనకా చూడకుండా పని చేసినందుకు చాలా బాధపడ్డాను. ఆ ఆదివారం వెళ్ళి బూట్ వరుస సరిచేసి వచ్చాను.

కొన్ని లినక్స్ ఇన్‌స్టాలర్లు మనం ఏ డిస్క్ చెప్పినా ఇలా మొదట కనిపించిన ఈఎఫ్ఐ పార్టిషన్‌నే పట్టుకుంటాయి. తప్పించుకోవడానికి నమ్మకమైన దారి ఒకటే. ఇన్‌స్టాల్ చేసే ముందు లోపలి డిస్క్ ఇన్‌స్టాలర్‌కు కనబడకుండా చేయాలి. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే లాప్‌టాప్ సెట్టింగుల తెరలో) ఆ డిస్క్‌ను ఆపే వసతి ఉంటే ఆపండి, విప్పగలిగితే తీసి పక్కన పెట్టండి. రెండూ కుదరకపోతే ముందు జీపార్టెడ్ అనే డిస్క్ విభజన ప్రోగ్రామ్‌లో లోపలి ఈఎఫ్ఐ పార్టిషన్‌కు ఉన్న బూట్, ఈఎస్‌పీ గుర్తులు తీసేసి, ఇన్‌స్టాల్ అయ్యాక తిరిగి పెట్టాలి. బయటి డిస్క్‌లో దాని సొంత ఈఎఫ్ఐ పార్టిషన్ ఉండాలి. ఒక 500 ఎంబీ, ఫ్యాట్32లో. బూట్‌లోడర్ అందులో రిమూవబుల్ డిస్క్‌లకు నిర్ణయించిన చోట ఉంటేనే, వేరే లాప్‌టాప్‌లో పెట్టినప్పుడు కూడా దానంతట అది కనబడుతుంది.

మొదలుపెట్టే ముందు

అన్నిటికన్నా ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) కీ. ఈ ఒక్క మాట కోసమే ఇదంతా చదివినా నాకు సంతోషమే. విండోస్ 11 వెర్షన్ 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా సెటప్ చేసిన లాప్‌టాప్‌లలో డిస్క్ దానంతట అదే తాళం పడి ఉంటుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. బయటి డిస్క్ కోసం సెక్యూర్ బూట్ ఆపినా, బయోస్‌లో మార్పులు చేసినా, తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ లేకపోతే లోపలి ఫైళ్ళు ఎవరూ తీయలేరు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టాకే బయోస్ తెరవండి. కీ ఉంటే లైవ్ లినక్స్ నుంచి కూడా ఆ డిస్క్ తెరవొచ్చు.

బూట్ మెనూ తెరిచే కీ కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవో చాలా వాటిలో ఎఫ్12. హెచ్‌పీలో ముందు ఎస్కేప్, తర్వాత ఎఫ్9. ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఎమ్మెస్సైలో ఎఫ్11. ఏసర్‌లో కూడా ఎఫ్12 గానీ, చాలాసార్లు ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్ళి దాన్ని ఆన్ చేసుకోవాలి. కీ నొక్కే లోపే విండోస్ వచ్చేస్తోందా? షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే నీలం తెరలో యూజ్ ఎ డివైస్ అన్నది ఎంచుకుంటే సరి. లోపల విండోస్ లేచే స్థితిలో ఉన్నవాళ్ళకు ఇదే సులువు.

విండోస్‌ను షట్ డౌన్ చేసి లినక్స్‌లోకి వెళ్తే లోపలి డ్రైవ్‌లో ఫైళ్ళు చూడనిచ్చి, మార్చనివ్వకపోవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది. అది ఆపేయండి, లేదంటే షట్ డౌన్ బదులు రీస్టార్ట్ చేసి బూట్ మెనూలోకి వెళ్ళండి. లోపలి డిస్క్ అసలే కనబడకపోతే, ఇంటెల్ లాప్‌టాప్‌లలో అది ఇంటెల్ సొంత డిస్క్ పద్ధతి అయిన ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో ఉండొచ్చు. యూట్యూబ్‌లో చూసి దాన్ని మామూలు పద్ధతి అయిన ఏహెచ్‌సీఐకి మార్చేయకండి, మార్చిన వెంటనే విండోస్ లేవకపోవచ్చు. ఇంకో చిన్నది. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. బ్యాటరీ పోయిందేమో అని కంగారు పడక్కర్లేదు. లినక్స్ లాప్‌టాప్ గడియారాన్ని గ్రీనిచ్ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. లినక్స్‌లో లోకల్ టైమ్ వాడమని ఒక సెట్టింగ్ మారిస్తే కుదురుకుంటుంది.

మ్యాక్ వాడేవాళ్ళకు లెక్క వేరు. పాత ఇంటెల్ మ్యాక్‌లలో ఆప్షన్ కీ పట్టుకుని ఆన్ చేస్తే బయటి డిస్క్ కనబడుతుంది. 2017 చివరి నుంచి వచ్చిన, టీ2 అనే భద్రతా చిప్ ఉన్న ఇంటెల్ మ్యాక్‌లలో ముందు స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలో అనుమతి ఇవ్వాలి. 2020 నవంబర్ నుంచి వచ్చిన ఎం శ్రేణి మ్యాక్‌లలో పవర్ బటన్ పట్టుకుని ఉంచితే ఎంపికలు వస్తాయి. కానీ వాటిలో బయటి డిస్క్ నుంచి లేవాలన్నా లోపలి స్టోరేజ్ బాగుండి తీరాలి. కనుక లోపలిది పోయిన ఎం మ్యాక్‌ను బయటి డిస్క్‌తో బతికించాలన్న ఆలోచన పెట్టుకోకండి.

చివరగా, జేబులో పట్టే సిస్టమ్ జేబులోంచి జారిపోయే సిస్టమ్ కూడా. ఎస్‌ఎస్‌డీ మీద ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేని తాళం) పెట్టుకోండి, తర్వాత పెట్టాలంటే దాదాపు మొదటినుంచీ చేసినట్టే. లేచిన ప్రతిసారీ ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్క కూతురు ఉత్సాహంగా తెలుగులో పెట్టబోయింది. ఆపి, ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టించాను. ఆ పాస్‌వర్డ్ అడిగే తెరకు మనం చేర్చుకున్న తెలుగు కీబోర్డ్ ఇంకా వచ్చి ఉండదు.